ఇంగ్లీషు క్రియాపదం – లెక్క తప్పకుండా రాయడం ఎలా?

 

ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టేటప్పుడు మార్కుల జాబితా, ఆదాయ ధృవీకరణ పత్రం వంటి కాగితాలతో పాటు విద్యార్థి తన గురించి, తన కుటుంబం గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసి జతచేయవలసి వస్తుంది. నేను 37 ఏళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. మా చుట్టుపక్కల పిల్లలు ఆ పేజీ రాసుకుని నాకు చూపించి వెళ్తుంటారు. వాటిని చదవగా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఒక అక్షరం తప్పు పడితే చదివేవారు సర్దుకుంటారు. 'ఎ', 'ది' లాంటివి ఒకటి అటూ ఇటూ అయినా నష్టం లేదు. కానీ క్రియాపదం రూపం మారితే వాక్యంలోని నిజమే మారిపోతుంది.

మూడు ఉదాహరణలు చూడండి.

"మై ఫాదర్ వర్క్‌డ్ ఇన్ ఎ పవర్‌లూమ్ షెడ్." తండ్రి మగ్గాల షెడ్డులో పనిచేస్తున్నాడని అమ్మాయి ఉద్దేశం. కానీ చదివేవారికి అర్థమయ్యేది "ఒకప్పుడు పనిచేశాడు, ఇప్పుడు లేదు" అని. పక్కనే ఆదాయం గడిలో నెల జీతం కనబడుతుంది. రెండూ పొసగవు.

"ఐ యామ్ రిసీవింగ్ అనదర్ స్కాలర్‌షిప్." అబ్బాయికి నిరుడు వచ్చింది, ఇప్పుడు ఆగిపోయింది. రాసిన వాక్యం మాత్రం "ఇప్పుడు కూడా తీసుకుంటున్నాను" అంటోంది. ఒకే ఏడాది రెండు ఉపకార వేతనాలు తీసుకోరాదని చాలా పథకాలలో నిబంధన ఉంటుంది. ఈ ఒక్క వాక్యంతో ఆ దరఖాస్తు పక్కకు పోవచ్చు.

"ఐ విల్ హెల్ప్ మై మదర్ ఎవ్రీ ఈవినింగ్." రోజూ సాయంత్రం తల్లికి కుట్టుపనిలో సాయం చేస్తున్న పిల్ల రాసిన మాట. చదివేవారికి మాత్రం అది ఇకముందు చేస్తాననే వాగ్దానంలా కనిపిస్తుంది.

మూడింటిలోనూ స్పెల్లింగు తప్పు ఒక్కటి కూడా లేదు. తప్పిందల్లా క్రియ. అందుకే ఈ వ్యాసంలో ఇంగ్లీషు వ్యాకరణం అంతా కాకుండా క్రియ ఒక్కదాన్నే మధ్యలో పెట్టుకుని, మనవాళ్ళు ఎక్కడ జారుతున్నారో, ఎందుకు జారుతున్నారో వివరిస్తాను.

భాషాభాగాలు – ఏ మాట ఏ పద్దు కింద?

తెలుగు వ్యాకరణంలో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని భాషాభాగాలు ఐదు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలలో ఇవి ఎనిమిది: నౌన్, ప్రొనౌన్, యాడ్జెక్టివ్, వెర్బ్, యాడ్వెర్బ్, ప్రిపోజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. మనం అవ్యయం అనే ఒక్క పద్దు కింద వేసే మాటలు చాలావరకు ఇంగ్లీషులో వేరువేరు పద్దుల కింద ఉన్నాయి, అంతే.

గుర్తుంచుకోవలసింది పేర్లు కాదు. ఒక మాట ఏ భాషాభాగమో ఆ మాటను బట్టి కాక, వాక్యంలో అది చేసే పనిని బట్టి నిర్ణయించాలి. 'డిపాజిట్' అనే మాట తీసుకోండి. "ది డిపాజిట్ ఈజ్ సేఫ్" అన్నప్పుడు అది నామవాచకం. "ఐ డిపాజిట్ మనీ ఎవ్రీ మంత్" అన్నప్పుడు అదే క్రియ. ఒకే మనిషి ఒక ఖాతాలో అప్పు తీసుకున్నవాడు, ఇంకో ఖాతాలో పొదుపు చేసినవాడు అయినట్టు.

అయితే చాలా మాటలు పద్దు మారగానే రూపం కూడా మార్చుకుంటాయి. దరఖాస్తులలో తప్పులు వచ్చేది ఇక్కడే. 'సక్సెస్' నామవాచకం, 'సక్సీడ్' క్రియ, 'సక్సెస్‌ఫుల్' విశేషణం, 'సక్సెస్‌ఫుల్లీ' క్రియావిశేషణం. కాబట్టి "ఐ విల్ సక్సెస్" తప్పు, "ఐ విల్ సక్సీడ్" ఒప్పు. అలాగే "ఐ యామ్ కాన్ఫిడెన్స్" కాదు, "ఐ యామ్ కాన్ఫిడెంట్". 'పావర్టీ' అంటే పేదరికం, 'పూర్' అంటే పేద. 'అడ్వైస్' అంటే సలహా, 'అడ్వైజ్' అంటే సలహా ఇవ్వడం. కొత్త మాట నేర్చుకున్నప్పుడు దాన్నొక్కదాన్నే కాక దాని కుటుంబాన్నంతా నోటుబుక్కులో ఒకే వరుసలో రాసుకోండి.

క్రియకు ఐదు రూపాలు

ఇంగ్లీషు క్రియకు ఐదు రూపాలుంటాయి. 'గో' అనే క్రియకు మొదటి రూపం గో, రెండో రూపం వెంట్, మూడో రూపం గాన్, ఇంగ్ రూపం గోయింగ్, ఎస్ రూపం గోస్. తెలుగు క్రియతో పోలిస్తే ఇది చాలా తక్కువ. మనం వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అని మనిషి మనిషికీ మారుస్తాం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'వెంట్'. ఐదుకు మించి రూపాలున్నది 'బి' అనే క్రియకు ఒక్కదానికే: బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్, బీయింగ్ అని ఎనిమిది.

ఎక్కువ క్రియలకు ఇ, డి అనే అక్షరాలు చేరిస్తే రెండో రూపం, మూడో రూపం రెండూ వచ్చేస్తాయి: వర్క్, వర్క్‌డ్, వర్క్‌డ్. అలా రానివాటిని నాలుగు గుంపులు చేసుకుంటే కంఠస్థం తేలిక.

మొదటి గుంపు: మూడు రూపాలూ ఒకటే. కట్, పుట్, షట్, హిట్, కాస్ట్, సెట్.

రెండో గుంపు: రెండో రూపం, మూడో రూపం ఒకటే. పే, పెయిడ్, పెయిడ్. బై, బాట్, బాట్. టీచ్, టాట్, టాట్. సెండ్, సెంట్, సెంట్. రీడ్, రెడ్, రెడ్. ఈ చివరి దానికి స్పెల్లింగు మూడింటికీ ఒకటే, పలుకుబడి మాత్రం మారుతుంది.

మూడో గుంపు: మొదటిది, మూడోది ఒకటే. కమ్, కేమ్, కమ్. బికమ్, బికేమ్, బికమ్. రన్, ర్యాన్, రన్.

నాలుగో గుంపు: మూడూ వేరు. గో, వెంట్, గాన్. రైట్, రోట్, రిటెన్. టేక్, టుక్, టేకెన్. గివ్, గేవ్, గివెన్. స్పీక్, స్పోక్, స్పోకెన్.

రెండో రూపానికీ మూడో రూపానికీ మధ్య తికమక బయటపడేది చివరి రెండు గుంపులలోనే. కాబట్టి సమయం తక్కువగా ఉన్నవారు ముందు వాటిని నేర్చుకోండి.

సహాయక క్రియ వెనుక ఏ రూపం?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఈ భాగం చదవండి. తెలుగులో "చదువుతున్నాను" ఒకే మాట. ఇంగ్లీషులో అది "ఐ యామ్ స్టడీయింగ్" అని మూడు మాటలు. మనం క్రియ చివర అతికించే పనిని ఇంగ్లీషువారు క్రియ ముందు నిలబెట్టిన సహాయక క్రియతో చేయిస్తారు. ఏ సహాయక క్రియ వెనుక ఏ రూపం రావాలో కచ్చితమైన నియమం ఉంది.

1. డూ, డస్, డిడ్ వెనుక మొదటి రూపం.

2. విల్, షల్, కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షుడ్, వుడ్ వెనుక కూడా మొదటి రూపమే.

3. హావ్, హాజ్, హాడ్ వెనుక మూడో రూపం.

4. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ వెనుక, కర్త తానే ఆ పని చేస్తూ ఉంటే ఇంగ్ రూపం.

5. అవే మాటల వెనుక, కర్త మీద పని జరిగితే మూడో రూపం. "ది ఫీ వాజ్ పెయిడ్" అంటే ఫీజు కట్టబడింది.

6. సహాయక క్రియ ఏదీ లేకపోతే, జరిగిపోయినదానికి రెండో రూపం. మామూలుగా జరిగేదానికి మొదటి రూపం లేదా ఎస్ రూపం.

చాలామంది పిల్లలు రాసే "ఐ యామ్ కంప్లీటెడ్ మై ప్లస్ టూ" అనే వాక్యాన్ని ఇప్పుడు పరీక్షించండి. 'యామ్' వెనుక మూడో రూపం వచ్చింది. ఐదో నియమం ప్రకారం దాని అర్థం "నేను పూర్తి చేయబడ్డాను" అని! కావలసింది మూడో నియమం: "ఐ హావ్ కంప్లీటెడ్ మై ప్లస్ టూ."

సహాయక క్రియలు రెండు, మూడు వరుసగా వస్తే భయపడనక్కరలేదు. ప్రతి సహాయక క్రియా తన వెనుకే ఉన్న మాట రూపాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది, ఆ తరువాతి మాటతో దానికి సంబంధం లేదు. "ఐ విల్ హావ్ బీన్ వర్కింగ్" చూడండి. 'విల్' వెనుక మొదటి రూపం కాబట్టి 'హావ్'. 'హావ్' వెనుక మూడో రూపం కాబట్టి 'బీన్'. 'బీన్' వెనుక ఇంగ్ రూపం కాబట్టి 'వర్కింగ్'. బ్యాంకులో చెక్కు ఒక టేబులు నుంచి పక్క టేబులుకు పోయినట్టు. ఒక్కో టేబులు దగ్గర ఒక్క పనే జరుగుతుంది. ఎంత పొడుగు క్రియనైనా ఇలా విడదీసి సరిచూసుకోవచ్చు.

'రాలేదు' చెప్పే పాఠం

"హీ డిడ్ నాట్ కేమ్" అని రాసే పిల్లలు "జరిగిపోయిన విషయం కదండీ, రెండో రూపం పెట్టాలి కదా?" అని అడుగుతారు. దీనికి జవాబు మన తెలుగులోనే ఉంది. 'వచ్చాడు'కు వ్యతిరేకం ఏమిటి? 'వచ్చాడు లేదు' అని ఎవరూ అనరు. 'రాలేదు' అంటాం. అంటే వ్యతిరేకంలో 'వచ్చాడు' తన భూతకాలపు రూపం వదిలేసి 'రా' అయిపోయింది. కాలం సంగతి 'లేదు' చూసుకుంటోంది. ఇంగ్లీషులోనూ అంతే. కాలం 'డిడ్' మోస్తోంది కాబట్టి 'కేమ్' తిరిగి 'కమ్' అయిపోతుంది: "హీ డిడ్ నాట్ కమ్." ప్రశ్న వేసినా ఇదే లెక్క: "డిడ్ హీ కమ్?"

కన్నడంలో 'బరలిల్ల', తమిళంలో 'వరవిల్లై' అన్నప్పుడు కూడా క్రియ ఇలాగే భూతకాలపు గుర్తు విడిచిపెడుతుంది. కాబట్టి బళ్ళారి, హోసూరు పిల్లలు బడి భాషతో పోల్చుకున్నా ఈ పాఠం అందుతుంది. షోలాపూరు, బరంపురం పిల్లలు మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మరాఠీలో 'ఆలా నాహీ' అంటారు, ఒడియాలో 'ఆసిలా నాహిఁ' అంటారు. అక్కడ భూతకాలపు రూపం అలాగే ఉండి దాని పక్కన 'నాహీ' చేరుతుంది. ఆ అలవాటులో 'డిడ్ నాట్ కేమ్' అని కలం నుంచి జారిపోవచ్చు. ఇంట్లో మాట్లాడే 'రాలేదు'ను గుర్తుచేసుకుంటే సరి.

పన్నెండు కాలాలు కావు, మూడు వరుసలు నాలుగు గడులు

బడిలో పన్నెండు కాలాలు ఉన్నాయని చెబుతారు. పన్నెండు పేర్లు విడివిడిగా బట్టీ పట్టడం కష్టం. లెడ్జరు కాగితం మీద గడులు గీసినట్టు గీయండి. అడ్డంగా మూడు వరుసలు: గతం, వర్తమానం, భవిష్యత్తు. నిలువుగా నాలుగు గడులు: మామూలు, జరుగుతూ ఉన్నది, పూర్తయినది, ఎప్పటినుంచో జరుగుతూ వస్తున్నది. మూడు నాలుగులు పన్నెండు. లోపల నింపవలసిన మాటలు పైన చెప్పిన నియమాలే ఇస్తాయి.

వర్తమానం: ఐ పే, ఐ యామ్ పేయింగ్, ఐ హావ్ పెయిడ్, ఐ హావ్ బీన్ పేయింగ్.

గతం: ఐ పెయిడ్, ఐ వాజ్ పేయింగ్, ఐ హాడ్ పెయిడ్, ఐ హాడ్ బీన్ పేయింగ్.

భవిష్యత్తు: ఐ విల్ పే, ఐ విల్ బి పేయింగ్, ఐ విల్ హావ్ పెయిడ్, ఐ విల్ హావ్ బీన్ పేయింగ్.

ర్యాండాల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో క్రియకు వర్తమానం, గతం అని రెండే కాలాలని లెక్కపెట్టారు. భవిష్యత్తుకు క్రియలో ప్రత్యేక రూపం లేదు, 'విల్' వంటి మాటల సాయంతో చెబుతారు కాబట్టి. పన్నెండు అన్నా రెండు అన్నా మీరు రాసే వాక్యం మారదు. పరీక్షలో మీ పుస్తకం చెప్పినట్టే రాయండి.

నిజానికి దరఖాస్తు రాయడానికి ఈ పన్నెండింటిలో ఐదారు చాలు. వాటిలో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది 'ఐ పెయిడ్', 'ఐ హావ్ పెయిడ్' అనే జంట.

తేదీ వేసిన వోచరు, ఈనాటి పాసుబుక్కు

తెలుగులో "ఫీజు కట్టాను" అంటే రెండు అర్థాలూ వస్తాయి. ఎప్పుడో ఒక రోజున కట్టాననీ అనుకోవచ్చు, ఇప్పుడు బాకీ లేదనీ అనుకోవచ్చు. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది.

"ఐ పెయిడ్ ది ఫీ ఆన్ ది ఫిఫ్త్ ఆఫ్ జూన్." ఇది తేదీ వేసిన వోచరు. ఆ రోజు జరిగింది, ఆ పేజీ అక్కడితో అయిపోయింది.

"ఐ హావ్ పెయిడ్ ది ఫీ." ఇది పాసుబుక్కులో ఈనాటి నిల్వ. ఏ రోజు కట్టారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఈరోజుకు పరిస్థితి ఏమిటన్నదే ముఖ్యం: ఫీజు బాకీ లేదు.

ఈ పోలిక పట్టుకుంటే నియమం దానంతటదే వస్తుంది. వాక్యంలో గడిచిపోయిన తేదీ, సంవత్సరం, 'ఎస్టర్‌డే', 'లాస్ట్ ఇయర్', 'అగో' వంటి మాట ఉంటే అది వోచరు, కాబట్టి రెండో రూపం. "ఐ హావ్ పాస్‌డ్ టెన్త్ క్లాస్ ఇన్ 2023" తప్పు. "ఐ పాస్‌డ్ టెన్త్ క్లాస్ ఇన్ 2023" ఒప్పు. సంవత్సరం చెప్పనప్పుడు "ఐ హావ్ పాస్‌డ్ టెన్త్ క్లాస్" అనడం సరైనదే. దరఖాస్తు చివర ఉండే "ఐ హావ్ నాట్ రిసీవ్‌డ్ ఎనీ అదర్ స్కాలర్‌షిప్" అనే ప్రకటన పాసుబుక్కు వాక్యం. సంతకం పెట్టే రోజు వరకు ఏదీ అందలేదని దాని అర్థం. నిరుడు ఒకటి అంది ఉంటే ఆ వాక్యం కింద ఊరికే సంతకం పెట్టకండి. "ఐ రిసీవ్‌డ్ వన్ లాస్ట్ ఇయర్" అని విడిగా నిజం రాయండి.

నా సంగతే చెబుతాను. "ఐ వర్క్‌డ్ ఇన్ ఎ బ్యాంక్ ఫర్ థర్టీసెవెన్ ఇయర్స్" అంటే పనిచేసి దిగిపోయాను అని. "ఐ హావ్ వర్క్‌డ్ ఇన్ ఎ బ్యాంక్ ఫర్ థర్టీసెవెన్ ఇయర్స్" అంటే ఇంకా ఉద్యోగంలోనే ఉన్నానని వినేవారు అనుకుంటారు. ఒక్క 'హావ్' నా పింఛను తీసేసి మళ్ళీ కౌంటరులో కూర్చోబెడుతుంది!

ఇక 'హాడ్' ఎప్పుడు? గతంలో రెండు పనులు జరిగి, వాటిలో ఏది ముందో చెప్పాలనుకున్నప్పుడు, ముందు జరిగినదానికి 'హాడ్'. "వెన్ ఐ రీచ్‌డ్ ది ఆఫీస్, దే హాడ్ క్లోజ్‌డ్ ది కౌంటర్." నేను వెళ్ళేసరికే మూసేశారు. గతంలో ఒకే పని గురించి చెప్పేటప్పుడు ఊరికే 'హాడ్' పెట్టనవసరం లేదు.

మనం ఒకటిగా అనేవి, ఇంగ్లీషు రెండుగా అనేవి

మన వాళ్ళ తప్పులలో ఎక్కువ భాగం తెలివితక్కువ వల్ల వచ్చినవి కావు. తెలుగులో ఒకే మాటతో సరిపోయేచోట ఇంగ్లీషులో రెండు దారులుంటాయి. ఆ చీలిక దగ్గర ఆగి చూసుకోవాలి.

'చేస్తాను': "రోజూ సాయం చేస్తాను", "రేపు సాయం చేస్తాను". మనకు రెండూ ఒకటే మాట. కన్నడంలో 'హోగుత్తేనె' కూడా ఇలాగే అలవాటుకూ రేపటికీ వస్తుంది. ఇంగ్లీషులో అలవాటుకు "ఐ హెల్ప్", రేపటికి "ఐ విల్ హెల్ప్". మొదట్లో చూసిన కుట్టుపని వాక్యంలో జరిగింది ఇదే.

'నుంచి': "2015 నుంచి", "పదేళ్ళ నుంచి". ఇంగ్లీషులో మొదలైన క్షణానికి 'సిన్స్', గడిచిన పొడవుకు 'ఫర్': "సిన్స్ 2015", "ఫర్ టెన్ ఇయర్స్". "సిన్స్ టెన్ ఇయర్స్" అనకూడదు.

'ఉంటున్నాం': "పదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాం" అనేదాన్ని "వి ఆర్ లివింగ్ హియర్" అని మొదలుపెడతారు. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదానికి 'హావ్ బీన్' కావాలి: "వి హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్."

'ఉన్నారు': "నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు" అనేది "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" కాదు, "ఐ హావ్ టూ బ్రదర్స్". కలిగి ఉండటం, తెలియడం, కావడం, ఇష్టపడటం వంటివాటికి మామూలుగా ఇంగ్ రూపం వాడరు. ఇది కూడా మనకు కొత్త కాదు. 'నాకు తెలుసు', 'నాకు కావాలి', 'నాకు ఇష్టం' అంటాం. వీటిలో 'తున్నాను' లేదు కదా! అలాగే "ఐ నో", "ఐ వాంట్", "ఐ లైక్".

మూడు చిన్న జాగ్రత్తలు

ఒకటి. "మా నాన్న టైలరు" అనే వాక్యంలో క్రియే లేదు, అయినా తెలుగులో అది పూర్తి వాక్యం. ఇంగ్లీషులో క్రియ లేకుండా వాక్యం నిలబడదు: "మై ఫాదర్ ఈజ్ ఎ టైలర్." మరాఠీ మాధ్యమం పిల్లలు 'ఆహే' అనే చోట 'ఈజ్' పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

రెండు. "నాన్నగారు పనిచేస్తున్నారు" అని గౌరవంగా అంటాం కాబట్టి "మై ఫాదర్ ఆర్ వర్కింగ్" అని రాస్తారు. ఇంగ్లీషులో క్రియకు గౌరవ బహువచనం లేదు. ఒక్కరైతే ఎంత పెద్దవారైనా 'ఈజ్' మాత్రమే. అందులో అగౌరవం ఏమీ లేదు.

మూడు. ఎస్ అక్షరం. "ది బాయ్ రన్స్", "ది బాయ్స్ రన్". ఎస్ ఒకటే ఉంది, అది ఒకరైతే క్రియకు, ఎక్కువమందైతే నామవాచకానికి చేరింది. రెంటికీ పెట్టినా, రెంటికీ మానేసినా సాధారణంగా తప్పే. ఈ గుర్తు వర్తమానకాలంలో మామూలు క్రియకు మాత్రమే, 'ఐ', 'యు'లకు వర్తించదు.

అభ్యాసం

ఈ పది వాక్యాలనూ సరిచేయండి. జవాబులు వెంటనే చూడకుండా ముందు కాగితం మీద రాయండి.

1. ఐ యామ్ కంప్లీటెడ్ మై డిప్లొమా.
2. మై మదర్ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్.
3. ఐ హావ్ జాయిన్డ్ దిస్ కాలేజ్ ఇన్ 2024.
4. వి ఆర్ లివింగ్ ఇన్ యానాం సిన్స్ ట్వెల్వ్ ఇయర్స్.
5. మై గ్రాండ్‌ఫాదర్ ఆర్ ఎ వీవర్.
6. మై సిస్టర్ స్టడీ ఇన్ నైన్త్ క్లాస్.
7. ఐ కెన్ స్పోక్ త్రీ లాంగ్వేజెస్.
8. ఐ యామ్ హావింగ్ వన్ ఎల్డర్ బ్రదర్.
9. ఐ విల్ డెఫినెట్లీ సక్సెస్.
10. ది హాస్టల్ ఫీ వాజ్ పే బై మై అంకుల్.

జవాబులు: 1. ఐ హావ్ కంప్లీటెడ్. 2. డిడ్ నాట్ గో. 3. ఐ జాయిన్డ్. 4. వి హావ్ బీన్ లివింగ్ ఇన్ యానాం ఫర్ ట్వెల్వ్ ఇయర్స్. 5. ఈజ్ ఎ వీవర్. 6. స్టడీస్. 7. కెన్ స్పీక్. 8. ఐ హావ్. 9. సక్సీడ్. 10. వాజ్ పెయిడ్.

ఎనిమిది దాటితే సంతోషం. తగ్గితే, ఏ నియమం దగ్గర తప్పిందో ఆ భాగం ఒక్కటే మళ్ళీ చదవండి. ఆ తరువాత రోజూ మూడు వాక్యాల డైరీ రాయండి: నిన్న చేసిన పని ఒకటి, రోజూ చేసే పని ఒకటి, రేపు చేయబోయే పని ఒకటి. నెల రోజులు మానకుండా రాస్తే చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ఇప్పుడు ఫోనులో తెలుగు వాక్యం పెడితే ఇంగ్లీషు వాక్యం వచ్చేస్తోంది. వాడుకోండి, తప్పులేదు. కానీ మీరు "కట్టాను" అని పెడితే మీ మనసులో ఉన్నది వోచరో పాసుబుక్కో ఆ ఫోనుకు తెలియదు. ఏదో ఒకటి ఎంచి ఇస్తుంది. అది మీ నిజమా కాదా అని సరిచూసి సంతకం పెట్టవలసింది మీరే.

తల్లిదండ్రులకు ఒక మాట

"మాకు ఇంగ్లీషు రాదు, పిల్లవాడు ఏం రాశాడో మాకేం తెలుస్తుంది?" అని చాలామంది తల్లులు, తండ్రులు అంటుంటారు. ఇంగ్లీషు రాకపోయినా మీరు ఆ పేజీని తనిఖీ చేయవచ్చు. దరఖాస్తు పంపేముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, రాసిన ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పమనండి. ప్రతి వాక్యానికీ మూడు ప్రశ్నలు వేయండి. ఇది అయిపోయిందా, ఇంకా జరుగుతోందా? ఎప్పుడు జరిగిందో తేదీ రాశావా? ఇది రోజూ జరిగేదా, ఇకముందు జరగబోయేదా? జవాబు చెప్పి, దానికి తగిన రూపం తన కాగితంలో ఉందో లేదో పిల్లలే చూసుకుంటారు. ఇంటి పరిస్థితి ఏమిటో, ఎవరు సంపాదిస్తున్నారో, ఏ అప్పు తీరిందో, ఏది తీరలేదో వారికన్నా మీకే బాగా తెలుసు.

మన కుటుంబాలు సొంత రాష్ట్రం కాని చోట తరతరాలుగా స్థిరపడినవి. పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, దరఖాస్తులో మూడో భాష వాడుతున్నారు. మూడు భాషలు మోస్తున్న పిల్లలకు నాలుగైదు నియమాలు బరువు కావు.